ఉత్తరం అడిగినవారు ఎవరు? – మెయిలు సర్వరు, డైరెక్టరీ, చేతిఫోను: ఒక చరిత్ర



మన శాఖ నెలవారీ సమావేశాలలో డి.ఆర్. బకాయిలు, మెడికల్ రీయింబర్సుమెంటు సంగతులు అయిపోయాక ఈ మధ్య తరచు వినిపిస్తున్న ప్రశ్న ఒకటున్నది. "ఏమండీ, నా ఫోనులో మెయిలు రావడం ఆగిపోయింది. పాస్‌వర్డ్ సరిగానే కొడుతున్నాను, అయినా తప్పంటోంది. ఇదేం గోల?" అని. పక్కనున్నవారు "మా మనవడికి చూపించండి" అంటారు. మనవడు వచ్చి ఏదో నొక్కి బాగుచేసి పోతాడు గాని, ఎందుకు ఆగిందో, ఎందుకు వచ్చిందో చెప్పడు. ప్రత్యేక సంచికకు వ్యాసం కావాలని సంపాదకులు అడిగినప్పుడు ఆ 'ఎందుకు' గురించే రాద్దామనిపించింది.

నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను. ముప్పై మూడేళ్లు ట్రెజరీలో గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అయితే మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో మెయిలు సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాడు. పండుగలకు వచ్చినప్పుడల్లా వాణ్ణి కూర్చోబెట్టి అడుగుతూ, ఆ మీదట దొరికినవి చదువుతూ వచ్చాను. వాడు చెప్పినదంతా విన్న తరువాత నాకు కలిగిన అభిప్రాయం ఏమంటే, ఇది మనకు కొత్త విషయం కాదు. మనం రోజూ చేసిన పనే.

పింఛను మంజూరైనప్పుడు పి.పి.ఓ. రెండు భాగాలుగా వచ్చేది మనకు తెలిసినదే. ఒకటి పింఛనుదారు చేతిలో, రెండవది ట్రెజరీలో. ట్రెజరీ భాగంలో ఫొటో, పుట్టుమచ్చలు, నమూనా సంతకం, చదువురానివారైతే వేలిముద్రలు. కౌంటరు ముందు నిలబడ్డ మనిషిని నేను ఎరిగి ఉండనక్కరలేదు. ఆయన ఫలానా అని ఆయన నోటితో చెబితే చాలదు. ఆయన పెట్టిన సంతకాన్ని లోపలి రికార్డుతో పోల్చి చూస్తే సరిపోతుంది. అంటే ఇక్కడ ముగ్గురున్నారు: అడిగేవారు, ఇచ్చేవారు, సాక్ష్యం చెప్పే రికార్డు. మీ ఫోను అడిగేది. మెయిలు సర్వరు ఇచ్చేది. ఆ సర్వరు వెనక 'డైరెక్టరీ' అని ఒక పేర్ల రిజిస్టరు ఉన్నది, అది సాక్ష్యం చెప్పేది. ఈ మూడూ ఒకేసారి పుట్టలేదు. ఒక్కొక్కటి ఒక్కో కాలంలో, ఒక్కో చోట పుట్టి, ఒకదానికొకటి సర్దుకోవడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆ సర్దుబాటులో మిగిలిపోయిన కీచులాటలే మన ఫోన్లలో కనిపించే తంటాలు.

కంప్యూటరుకు పాస్‌వర్డ్ అనేది మొట్టమొదట వాడుకలోకి వచ్చినది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో. 1961లో అక్కడ ఫెర్నాండో కోర్బతో అనే శాస్త్రజ్ఞుడి ఆధ్వర్యంలో ఒకే యంత్రాన్ని అనేకమంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు తయారైంది. ఎవరి ఫైళ్లు వారికే కనబడాలి గనుక ఒక్కొక్కరికీ ఒక రహస్యపదం ఇచ్చారు. చిత్రమేమంటే ఆ తాళం వేసిన ఏడాదికే దాన్ని తీసినవాడు తయారయ్యాడు. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి నాలుగు గంటల యంత్ర సమయం మాత్రమే ఇచ్చేవారట. అది చాలక, 1962లో ఆయన పాస్‌వర్డ్‌ల ఫైలును అచ్చు వేయమని యంత్రానికే ఒక కార్డు పెట్టాడు. యంత్రం మహా విధేయతతో అందరి పాస్‌వర్డ్‌లూ అచ్చువేసి ఇచ్చింది! తరువాత కొన్నేళ్లకు అదే యంత్రంలో ఇంకొక వింత జరిగింది. ఇద్దరు అధికారులు రెండు వేరు వేరు ఫైళ్లు ఏకకాలంలో దిద్దుతుంటే, తాత్కాలికపు కాపీలకు ఒకే పేరు ఉండడంతో అవి తారుమారయ్యాయి. ఫలితంగా యంత్రం తెరిచిన ప్రతివారికీ ఆ రోజు ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డ్‌ల జాబితా దర్శనమిచ్చింది. తపాలు కవర్లలో కాగితాలు మారడం మన ఆఫీసులకే పరిమితం కాదన్నమాట.

దీనికి మందు కనిపెట్టడానికి ఇంకొంత కాలం పట్టింది. పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు రాసిపెట్టకుండా, పిండి విసిరి ఆ పిండిని దాచడం ఆ మందు. బియ్యం విసిరితే పిండి వస్తుంది, పిండి నుంచి గింజలు తిరిగి రావు. మీరు పాస్‌వర్డ్ కొట్టినప్పుడు దాన్ని కూడా అదే తిరగలిలో విసిరి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తారు. ఇద్దరు మనుషులు పొరపాటున ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్నా పిండి ఒకటిగా రాకూడదని ప్రతిదానిలోనూ వేరు వేరుగా చిటికెడు 'ఉప్పు' కలుపుతారు. ఇది నా చమత్కారం కాదు, వారి శాస్త్రంలోనే దాని పేరు ఉప్పు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనే ఇద్దరు 1979లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని వివరించారు. అందుకే మీ పాస్‌వర్డ్ ఏమిటో మెయిలు ఆఫీసువారిని అడిగితే చెప్పలేరు, కొత్తది ఇవ్వగలరు అంతే. "పాతది ఏమిటో చూసి చెప్పండి బాబూ" అని అడిగి విసుక్కునే మన మిత్రులు ఈ సంగతి గమనించాలి. అడిగిన వెంటనే చూసి చెప్పగలిగేవాడు ఎవరైనా ఉంటే, వాడి దగ్గర మన రహస్యం భద్రంగా లేదని అర్థం.

ఇక ఉత్తరాల సంగతి. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి మెయిలు పంపడం 1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు చేశారు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ నడుమ 'ఎట్' గుర్తు పెట్టిన మహానుభావుడు ఆయనే. పక్కపక్కనే ఉన్న రెండు యంత్రాల మధ్య, నెట్‌వర్కు గుండా చుట్టు తిరిగి వెళ్ళిందట ఆ మొదటి ఉత్తరం. అందులో ఏమి రాశారో ఆయనకే గుర్తులేదు. ఆయన 2016లో కాలం చేశారు.

ఉత్తరాలు చేరవేసే నిబంధనలను 1982లో జాన్ పోస్టెల్ క్రోడీకరించారు. ఆ నిబంధనలలో ఒక్కచోట కూడా "నువ్వెవరు, రుజువేమిటి" అన్న ప్రశ్న లేదు. తంతితపాలా వారి ఎర్రడబ్బా లాంటిదన్నమాట. ఎవరైనా ఎవరి పేరుతోనైనా కార్డు రాసి డబ్బాలో పడేయవచ్చు. అప్పటికి ఆ వలలో ఉన్నవారు విశ్వవిద్యాలయాలవారు, పరిశోధనశాలల వారు. ఒకరినొకరు ఎరిగినవారే కనుక నడిచిపోయింది. పంపేటప్పుడు కూడా గుర్తింపు అడిగే పద్ధతి నిబంధనగా వచ్చేసరికి 1999 అయింది. ఈ పదిహేడేళ్ల అజాగ్రత్తకు మూల్యం ఇప్పటికీ ప్రపంచం చెల్లిస్తూనే ఉన్నదని నా అభిప్రాయం. లాటరీ తగిలిందనీ, పింఛను ఆగిపోతుందనీ వచ్చే దొంగ ఉత్తరాలకు మూలం ఆ ఎర్రడబ్బా స్వభావమే.

వచ్చిన ఉత్తరాన్ని తీసుకోవడానికి మాత్రం మొదటి నుంచీ పేరు, పాస్‌వర్డ్ అడిగేవారు. 1984లో 'పాప్' అనే పద్ధతి, 1986లో మార్క్ క్రిస్పిన్ స్టాన్‌ఫర్డులో తయారుచేసిన 'ఐమ్యాప్' అనే పద్ధతి వచ్చాయి. మొదటిది పోస్టాఫీసుకు వెళ్ళి ఉత్తరాలు ఇంటికి తెచ్చుకోవడం వంటిది. రెండవది ఉత్తరాలు అక్కడే ఉంచి, వెళ్ళి చదువుకుని రావడం వంటిది. ఇప్పుడు ఫోనులోనూ, కంప్యూటరులోనూ ఒకే ఉత్తరం కనబడుతోందంటే ఈ రెండవ ఆలోచన చలవే.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. ఆ పేర్లు, పాస్‌వర్డ్‌లు ఎక్కడ ఉండేవి? ప్రతి యంత్రం తన జాబితా తనే పెట్టుకునేది. ఒక సంస్థలో మెయిలుకు ఒకటి, ఫైళ్లకు ఒకటి, జీతాల లెక్కలకు ఒకటి యంత్రాలుంటే మూడు రిజిస్టర్లు. ఉద్యోగి చేరితే మూడింటా రాయాలి. బదిలీ అయితే మూడింటా మార్చాలి. రిటైరైతే మూడింటా కొట్టివేయాలి. రెండింటిలో కొట్టివేసి ఒకదానిలో మరిచిపోవడం ఎంత సులభమో గుమాస్తాలకు వేరే చెప్పాలా! గుంటూరు నుంచి కాకినాడకు కాపురం మార్చిన పింఛనుదారుకు ట్రెజరీ భాగం కాగితాలు కాకినాడ చేరేదాకా పింఛను వచ్చేది కాదు. మనిషి ఇక్కడ, రికార్డు అక్కడ. ఈ బాధకు విరుగుడుగా, రికార్డు ఒకేచోట ఉండాలి, అడిగిన ప్రతి కౌంటరూ దాన్నే అడగాలి అన్న ఆలోచన వచ్చింది.

ఆ ఆలోచన కంప్యూటరు కంపెనీల నుంచి కాక టెలిఫోను వారి నుంచి వచ్చిందంటే ఆశ్చర్యపోనక్కరలేదు. డైరెక్టరీ అన్న మాటే వారిది. మన ఇళ్ళలో టెలిఫోను బల్ల కింద ఉండే లావుపాటి పుస్తకం పేరే అది. ప్రపంచ దేశాల తంతి, టెలిఫోను శాఖల సలహా సంఘమూ, అంతర్జాతీయ ప్రమాణాల సంస్థా కలిసి 1988లో 'ఎక్స్.500' అనే ప్రమాణాన్ని ప్రకటించాయి. ప్రపంచం మొత్తానికీ ఒకే పేర్ల చెట్టు. మొదట దేశం, దాని కింద సంస్థ, దాని కింద శాఖ, దాని కింద సెక్షను, చివరికి మనిషి. మన సర్కారు అడ్రసు రాసే పద్ధతే, తలకిందులుగా. ఒకే పేరుగల ఇద్దరు సుబ్బారావులు వేరు వేరు సెక్షన్లలో ఉంటే గొడవ లేదు. ఒకే సెక్షనులో ఇద్దరుంటే మాత్రం ఇప్పటికీ గొడవే. వారికి వేరే నంబరు ఇవ్వవలసిందే.

ఆలోచన ఘనమైనదే గాని బరువైపోయింది. కమిటీలు తయారుచేసిన వస్తువుకు ఉండే గుణం అది. ఆ డైరెక్టరీని ఒక ప్రశ్న అడగాలంటే అడిగే యంత్రంలో బోలెడు సరంజామా ఉండాలి. బల్లమీద పెట్టుకునే చిన్న కంప్యూటర్లు ఆ బరువు మోయలేకపోయాయి. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంవారు తమ ప్రాంగణంలో ఈ డైరెక్టరీ పెట్టి, ఈ ఇబ్బంది స్వయంగా అనుభవించారు. అక్కడి టిమ్ హోవ్స్, మరి ఇద్దరితో కలిసి 1993లో ప్రశ్న అడిగే పద్ధతిని మాత్రం తేలిక చేసి ప్రకటించారు. దాని పేరు 'ఎల్‌డాప్'. అందులో మొదటి అక్షరానికి అర్థమే 'తేలికపాటి' అని. మొదట్లో ఇది పెద్ద డైరెక్టరీకి ముందు నిలబడే బంట్రోతు మాత్రమే. ప్రశ్న తీసుకుని లోపలికి వెళ్ళి జవాబు తెచ్చి ఇచ్చేది. మిషిగన్ వారే 1995 ప్రాంతంలో ఆ బంట్రోతునే అధికారిని చేశారు. అంటే రికార్డు కూడా దాని దగ్గరే పెట్టారు. 1997లో దాని మూడవ కూర్పు వచ్చింది, నేటికీ వాడుకలో ఉన్నది అదే. ఎక్స్.500 పేరు నేడు ఎందరికి తెలుసు? బంట్రోతు పేరు మాత్రం ప్రపంచమంతా మారుమోగుతోంది.

మెయిలు సర్వరు ఈ డైరెక్టరీని ఎలా అడుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. తంటాలన్నీ ఇక్కడే గనుక. మీ ఫోను మీ పేరూ పాస్‌వర్డూ సర్వరుకు ఇస్తుంది. సర్వరు ముందుగా డైరెక్టరీలో తన సొంత గుర్తింపుతో ప్రవేశించి, ఈ మెయిలు పేరుగల మనిషి చెట్టులో ఏ కొమ్మ మీద ఉన్నాడో వెతుకుతుంది. కొమ్మ దొరికాక, ఆ కొమ్మ పేరూ మీరిచ్చిన పాస్‌వర్డూ కలిపి మళ్ళీ డైరెక్టరీ తలుపు తడుతుంది. ఈ తట్టడాన్ని 'బైండ్' అంటారు. తలుపు తెరుచుకుంటే మీరు మీరే. తెరుచుకోకపోతే కాదు. సర్వరు ఉత్తరాలిస్తుంది లేదా మానేస్తుంది. మీ పాస్‌వర్డ్‌ను అది దాచుకోనక్కరలేదు.

ఇందులో రెండు చిక్కులు మా వాడు చెప్పాడు. సర్వరు తన సొంత గుర్తింపుతో వెతుకుతుందన్నాను కదా, ఆ గుర్తింపుకూ ఒక పాస్‌వర్డ్ ఉంటుంది. మనుషులకు మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలనే నిబంధన పొరపాటున దానికీ వర్తింపజేస్తే, ఒకానొక ఉదయం ఆఫీసు మొత్తానికి మెయిలు ఆగిపోతుంది. అందరి పాస్‌వర్డ్‌లూ సరైనవే. తాళాలబ్బాయి పాస్ చెల్లలేదు, అంతే. రెండవ చిక్కు ఇంకా చిత్రమైనది. ఎల్‌డాప్ నియమాలలో పేరు ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలిపెడితే, దాన్ని 'అనామక సందర్శకుడు' కింద లెక్కగట్టి, సరే రమ్మని జవాబిచ్చే వెసులుబాటు ఉండేది. డైరెక్టరీ ఉద్దేశంలో అది "బయటి వసారాలో కూర్చోవచ్చు" అని. మెయిలు సర్వరుకు అర్థమైంది మాత్రం "ఈయన సాక్షాత్తూ ఆ పేరుగల మనిషే" అని. అంటే పాస్‌వర్డ్ తప్పు కొడితే రానివ్వరు, అసలు కొట్టకపోతే రానిస్తారు! ఇటువంటి ప్రశ్నను తిరస్కరించడమే మామూలు పద్ధతిగా ఉండాలని 2006లో నియమాలు సవరించారు. మెయిలు సర్వరు అమర్చేవారు ఖాళీ పాస్‌వర్డ్‌ను ముందే తిప్పికొట్టాలని ఇప్పటికీ కొత్త ఉద్యోగులకు నేర్పుతారట. సంతకం లేని చెక్కును పాస్ చేసే ట్రెజరీ ఎక్కడైనా ఉన్నదా అని అడిగాను. మా వాడు నవ్వాడు.

2000 సంవత్సరం ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ కంపెనీ తన విండోస్ 2000తోపాటు 'యాక్టివ్ డైరెక్టరీ' అనే రిజిస్టరును తెచ్చింది. ఎల్‌డాప్ భాష, మసాచుసెట్స్‌లోనే పుట్టిన 'కెర్బరోస్' అనే చీటీల పద్ధతి అందులో కలిసి ఉన్నాయి. అదే ఏడాది వచ్చిన వారి మెయిలు సర్వరు తన సొంత పేర్ల పుస్తకం మానుకుని ఈ రిజిస్టరునే అడగడం మొదలుపెట్టింది. ప్రపంచంలో లెక్కలేనన్ని ఆఫీసులు ఈ బాట పట్టాయి. ఇక్కడ ఒక మాట. ఆ కంపెనీకి 2014 నుంచి అధిపతిగా ఉన్న సత్య నాదెళ్ళ హైదరాబాదులో పుట్టినవారని అందరికీ తెలుసు. ఆయన తండ్రి, ఆంధ్రప్రదేశ్ క్యాడరు ఐ.ఏ.ఎస్. అధికారి బి.ఎన్. యుగంధర్ గారి పేరు మన తరం ఉద్యోగులకు ఇంకా బాగా తెలుసు. యుగంధర్ గారు 2019లో స్వర్గస్థులయ్యారు.

ఇంతవరకూ అడిగేవారు బల్లముందు కూర్చున్న మనుషులు. పొద్దున వచ్చి పాస్‌వర్డ్ కొట్టి, సాయంత్రం మూసి వెళతారు. చేతిఫోను రావడంతో పరిస్థితి మారిపోయింది. కెనడాలోని రిసెర్చ్ ఇన్ మోషన్ కంపెనీ 1999లో బ్లాక్‌బెర్రీ పేరుతో మెయిలు అందుకునే చేతి యంత్రాన్ని తెచ్చింది. 2003లో మైక్రోసాఫ్ట్ మెయిలు సర్వరులోనే ఫోన్లతో మాట్లాడే 'యాక్టివ్‌సింక్' వసతి చేరింది. 2008 జులైలో ఐఫోను కూడా ఆ భాష నేర్చుకున్నది. బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు 2022 జనవరి 4తో సేవలు ముగిశాయి గాని, అది వేసిన బాటలో అందరూ నడిచారు.

ఫోనుకూ మనిషికీ తేడా ఏమిటంటే, ఫోను నిద్రపోదు. మీ పాస్‌వర్డ్ ఒకసారి చెబితే కంఠస్థం చేసి, కొన్ని నిమిషాలకొకసారి మీ తరఫున తలుపు తడుతూనే ఉంటుంది. పైగా మొదటి కాలపు పద్ధతిలో తట్టిన ప్రతిసారీ పేరూ పాస్‌వర్డూ పూర్తిగా పంపేది. దానికి ఒక పైముసుగు రాత ఉండేది గాని, అది మన చిన్నప్పటి 'క' భాష లాంటిది. తెలిసినవాడు విన్న వెంటనే విప్పేస్తాడు. 1995లో నెట్‌స్కేప్ వారు తెచ్చిన రహస్య మార్గం, దాని తరువాతి రూపాలు ఉండబట్టి గాని, లేకుంటే పోస్టుకార్డు మీద బీరువా తాళం నంబరు రాసి పంపినట్టే.

మా వాడి ఆఫీసులో జరిగిన ఉదంతం ఒకటి చెబుతాను. అక్కడ ఒక ఉద్యోగిని నిబంధన ప్రకారం పాస్‌వర్డ్ మార్చుకున్నది. కొత్త ఫోనులో కొత్తది కొట్టింది. అరగంట బాగానే ఉన్నది. తరువాత తలుపు మూసుకుపోయింది. అధికారులు తెరిచి ఇచ్చారు. మళ్ళీ మూసుకున్నది. ఇలా నాలుగు రోజులు. ఆమె తప్పు కొడుతున్నదని కొందరు, దొంగలు పడ్డారని కొందరు. డైరెక్టరీలో ఒక నియమం ఉంటుంది, వరుసగా ఇన్నిసార్లు తప్పు పాస్‌వర్డ్ వస్తే ఆ పేరును కొంతసేపు బంద్ చేయాలని. దొంగలు ఊహించి కొట్టకుండా ఆ ఏర్పాటు. చివరికి మా వాడు మెయిలు సర్వరు దినచర్య పుస్తకం తిరగేస్తే, అడిగిన యంత్రాలు రెండు కనిపించాయి. ఆమె తన పాత ఫోనును పిల్లవాడికి ఆటలాడుకోవడానికి ఇచ్చింది. ఫోను పిల్లవాడి చేతిలో ఉన్నా, తన పాత యజమానురాలి పాత పాస్‌వర్డ్‌తో తలుపు తట్టడం మాత్రం మానలేదు! మెయిలు సర్వరుకు ఆ తప్పు ఫోనుదని తెలుసు. డైరెక్టరీకి తెలిసింది మాత్రం "ఈ పేరు మీద తప్పులు వస్తున్నాయి" అనే. మనిషికి శిక్ష పడింది. పాత ఫోను మనవలకిచ్చేటప్పుడు అందులోంచి మెయిలు ఖాతా తీసేయమని నేను అందరికీ చెప్పేది అందుకే.

మరి ఎల్లకాలం ఫోనుకు పాస్‌వర్డ్ చెప్పవలసిందేనా? ఫోనుకు పాస్‌వర్డ్ ఇవ్వకుండా, పని జరిగే ఒక చీటీ ఇస్తే చాలదా? ఆ ఆలోచనకు 2007లో ఒక రూపం, 2012 అక్టోబరులో ప్రమాణంగా 'ఓఆత్ 2.0' అనే రెండవ రూపం వచ్చాయి. ఇందులో ఫోను మిమ్మల్ని నేరుగా రిజిస్టరు కాపలాదారు పేజీకి పంపుతుంది. పాస్‌వర్డ్ అక్కడ, వారికే చెబుతారు. వారు ఫోనుకు వచ్చే ఓటీపీ వంటి రెండవ రుజువు కూడా అడగవచ్చు. తృప్తి చెందాక ఫోనుకు ఒక టోకెను ఇస్తారు. ఆ టోకెను మెయిలుకు మాత్రమే చెల్లుతుంది, గడువు ఉంటుంది, గడువు తీరితే కొత్తది అడిగి తెచ్చుకునే హక్కు ఫోనుకు ఉంటుంది, ఆ హక్కును కాపలాదారు ఎప్పుడైనా రద్దు చేయవచ్చు. ఫోను పోతే పాస్‌వర్డ్ పోయినట్టు కాదు, ఆ ఫోను టోకెను రద్దు చేస్తే చాలు.

మన మిత్రుల ప్రశ్నకు జవాబు కూడా ఇదే. 2022 మే 30 నుంచి గూగుల్ కంపెనీ, వట్టి పేరూ పాస్‌వర్డూ చూపి బయటి యాప్‌లు మెయిలు అడిగే పద్ధతిని వ్యక్తిగత ఖాతాలకు ఆపివేసింది. 2022 అక్టోబరు 1 నుంచి మైక్రోసాఫ్ట్ తన ఆన్‌లైన్ మెయిలులో ఆ పాత పద్ధతిని మూయడం మొదలుపెట్టింది. పాత ఫోన్లలోని పాత మెయిలు యాప్‌లకు టోకెను అడగడం రాదు. అవి పాస్‌వర్డ్ సరిగానే చెబుతాయి, అవతలివారు పాస్‌వర్డ్ వినడమే మానేశారు. కనుక "తప్పు పాస్‌వర్డ్" అన్న జవాబు నిజానికి "ఈ కౌంటరు ఎత్తేశాము" అని చదువుకోవాలి. ఆ మాటే తిన్నగా తెలుగులో చూపిస్తే ఎంతమంది వృద్ధులకు మనశ్శాంతి కలిగేదో! ఫోనులో ఆ ఖాతా తీసివేసి, కొత్త యాప్‌లో తిరిగి చేర్చితే చాలావరకు సర్దుకుంటుంది. గూగుల్ వారు రెండంచెల రుజువు పెట్టుకున్నవారికి పాత యాప్ కోసం పదహారు అక్షరాల ప్రత్యేక పాస్‌వర్డ్ కూడా ఇస్తారు. మనవడు నొక్కేది ఇవే.

జీవన్ ప్రమాణ్‌లోనూ ఈ ముగ్గురి ఏర్పాటే ఉన్నది. 2014 నవంబరు 10న ఆ పథకం మొదలైనప్పటి నుంచి, మన వేలిముద్రను ట్రెజరీ రికార్డుతో కాక ఆధార్ రికార్డుతో పోలుస్తారు. అడిగినవారికి ఆధార్ వారిచ్చే జవాబు అవును, కాదు అనే. 2021 నవంబరులో ముఖం చూసి గుర్తించే పద్ధతి వచ్చాక, వేలిముద్రలు అరిగిపోయిన మన వయసువారికి కొంత ఊరట కలిగింది.

ఇక మనకు అన్నిటికన్నా ముఖ్యమైనది, రిటైరైన రోజున డైరెక్టరీలో మన కొమ్మ ఏమవుతుంది అనేది. ఛార్జి అప్పగించిన సాయంత్రమో, మరికొన్నాళ్ళకో ఆ కొమ్మను కొట్టివేస్తారు. కొట్టివేయాలి కూడా, అది సక్రమమే. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన ఈ-మెయిల్ విధానంలో దీని గురించి ఆలోచించి రాశారు. హోదా పేరున ఉన్న మెయిలు తరువాత వచ్చిన అధికారికి ఛార్జితోపాటు అప్పగించాలన్నారు. సొంత పేరున ఉన్నదాన్ని, ఇరవై ఏళ్లు సేవ చేసినవారైతే, ఒక ఏడాది ఉంచుకోవచ్చు, ఆ తరువాత పింఛనుదారులకు వేరుగా పెట్టిన చిరునామా మీద అదే పేరుతో జీవితాంతం ఇస్తామన్నారు. ఆ విధానం కిందికి రాని ఆఫీసులలో ఎవరి పద్ధతి వారిదిగా ఉండేది.

మనలో ఒక మిత్రుడికి జరిగింది చెబితే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది. పేరు రాయను. సర్వీసులో ఉండగా బ్యాంకుకు, ఆదాయపు పన్ను ఖాతాకు, ఇన్సూరెన్సుకు అన్నిటికీ ఆఫీసు మెయిలే ఇచ్చారు. రిటైరైన కొద్ది వారాలకు ఆఫీసు వారు పేరు తీసేశారు. రిటర్ను దాఖలు చేద్దామంటే పాస్‌వర్డ్ గుర్తులేదు. కొత్తది కావాలంటే మెయిలుకు పంపుతామంటారు. ఆ మెయిలు ఆయనది కాదు. గడువు దాటి జరిమానా కట్టవలసి వచ్చింది. బ్యాంకులో చిరునామా మార్పుకు మూడుసార్లు తిరిగారు. రిటైరయ్యే ఆరు నెలల ముందు పింఛను కాగితాలు పంపేటప్పుడే ఈ మార్పులు కూడా చేసుకోవాలని మన సంఘం సర్వీసులో ఉన్నవారికి చెప్పడం మంచిదని నేను కార్యవర్గానికి సూచించాను.

ఇంకొక ఇంటి సంగతి. కుటుంబ పింఛను కోసం వచ్చిన ఒక తల్లి, భర్త ఫోను తెచ్చారు. ఆయన పోయి రెండు నెలలైంది. మెయిలు పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పలేదు. డిపాజిట్ల వివరాలన్నీ అందులోనే. కొడుకు అప్పటికే "పాస్‌వర్డ్ మరిచిపోయాను" నొక్కి కొత్తది పెట్టబోతున్నాడు. మా వాడికి ఫోను చేస్తే, "పెదనాన్నా, ముందు ఆ పని ఆపమను" అన్నాడు. ఫోను ఇంకా పాత టోకెనుతోనే మెయిలు తెచ్చుకుంటోంది. పాస్‌వర్డ్ మార్చే ప్రయత్నం చేస్తే టోకెను రద్దయ్యే అవకాశం ఉన్నది. రెండవ రుజువు అడిగితే మొదటికే మోసం. అందుకని ఆ తల్లి సమక్షంలోనే ఫోను తెరిచి, కావలసిన డిపాజిట్ ఉత్తరాలు పన్నెండు అచ్చు వేయించుకున్నాము. తరువాత ఆ కాగితాలు, మరణ ధ్రువపత్రం పట్టుకుని బ్యాంకుకు వెళ్ళి క్లెయిము దరఖాస్తులు ఇచ్చారు. ఆ పని పూర్తయ్యాక ఖాతా మూయించమని మెయిలు కంపెనీకి కొడుకు చేతే దరఖాస్తు పెట్టించాము.